కొరియా బడిలో పిల్లల్ని వేసేముందు ఇంట్లోనే చేయించాల్సినవి

మన హనుమకొండ, కాజీపేట వైపు నుంచి ఉద్యోగానికో పీహెచ్‌డీకో కొరియా పోయేవాళ్లు పిల్లల్ని కూడా తీసుకెళ్తుంటే అందరికీ ఒకటే టెన్షన్, భాష రాదు కదా ఎట్లా అని. నన్నడిగితే భాష చిన్నపిల్లలకు మెల్లగా వచ్చేస్తుంది, మొదటి వారం వాళ్లు ఇబ్బంది పడేది బూట్ల దగ్గర, భోజనం దగ్గర, చీపురు దగ్గర. ఇవన్నీ ఇక్కడుండగానే అలవాటు చేయొచ్చు.

ముందు కాగితాలు. అక్కడ చదువుల ఏడాది మార్చిలో మొదలవుతుంది, ఒకే క్యాలెండర్ ఏడాదిలో పుట్టినవాళ్లంతా ఒకే తరగతి. ఇప్పటి ఏడాదిలోంచి పుట్టిన ఏడాది, ఇంకో 6 తీసేస్తే తరగతి తెలుస్తుంది: 2016లో పుట్టిన పాప 2026లో నాలుగో తరగతి. బర్త్ సర్టిఫికెట్ ఇంగ్లిషులో ఉండాలి, పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. బడి కాగితాలకు అపోస్టిల్ (కాగితం అసలైనదేనని బయటి దేశాల కోసం మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) అడగొచ్చు, బయల్దేరకముందే చేయించుకోండి, తర్వాత ఆ పని కోసం ఇంట్లో పెద్దవాళ్లు తిరగాల్సొస్తుంది. టీకాల కార్డు మాత్రం జాగ్రత్తగా చూడండి: మన సర్కారు దవాఖానాల్లో వేసేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), అందులో గవదబిళ్లల టీకా ఉండదు, అక్కడ చూసేది ఆ మూడూ కలిసిన ఎంఎంఆర్ రెండు డోసులు. మెదడువాపు టీకా కూడా చూస్తారు.

బడి లోపల వేసుకోవడానికి వేరే బూట్లుంటాయి, సిల్నెహ్వా అంటారు, తెల్లగా, మెత్తగా ఉంటాయి. తలుపు దగ్గర బయటి బూట్లు విప్పి ఇవి తొడుక్కోవాలి. లేసు కట్టుకునే బూట్లు కొనివ్వకండి, చిన్న తరగతి పిల్లలు అక్కడే ఆగిపోతారు.

ఇక అసలైనది భోజనం. మధ్యాహ్నం బడిలోనే పెడతారు, ఉచితం, టిఫిన్ డబ్బా పట్టుకెళ్లే పద్ధతి లేదు. స్టీల్ ట్రేలో కింద ఎడమవైపు అన్నం, కుడివైపు సూప్, పై గుంటల్లో కిమ్చీ (కారం పెట్టి పులియబెట్టిన క్యాబేజీ), కూరలు. అన్నం, సూప్ చెంచాతో, కూరలు చాప్‌స్టిక్స్‌తో; చేత్తో తినరు. రోజూ సాయంత్రం శనిగె గుడాలు ఒక గిన్నెలో వేసి చాప్‌స్టిక్స్‌తో తినమనండి, పిల్లలకు అదే ఆట అయిపోతుంది. తిన్నాక మిగిలింది డబ్బాలో వేసి ట్రే వాళ్లే తిరిగివ్వాలి.

నెలనెలా వచ్చే మెనూలో ప్రతి వంటకం పక్కన చిన్న చిన్న అంకెలుంటాయి. అవి అలర్జీ ఉన్నవాళ్ల కోసం పెట్టినవే అయినా మన ఇళ్లకు చాలా పనికొస్తాయి: 10 అంటే పంది మాంసం, 16 గొడ్డు మాంసం, 15 కోడి, 1 గుడ్డు, 9 రొయ్యలు. ఈ అంకెలు పిల్లలకు కంఠతా పట్టించండి, కొరియన్ చదవడం రాకపోయినా ఆ రోజు ఏం వదిలేయాలో వాళ్లకే తెలుస్తుంది. అయితే చేపల్లో మాకరెల్‌కు తప్ప వేరే అంకె లేదు, ఎండు నెత్తళ్లతో కాచిన సూప్ ఈ అంకెల్లో దొరకదు, కిమ్చీలో కూడా మామూలుగా చేప సాస్ గానీ ఉప్పులో ఊరేసిన చిన్న రొయ్యలు గానీ పడతాయి. పూర్తి శాకాహారులైతే మొదటిరోజే క్లాస్ టీచర్‌తో మాట్లాడి ఇంటి నుంచి డబ్బా పంపొచ్చా అని అడగండి, మొహమాటపడి పిల్లల్ని ఉత్త అన్నంతో ఉంచకండి.

క్లాసు ఊడ్చేది, తుడిచేది పిల్లలే. మన దగ్గర బడిలో ఊడిపిస్తే తల్లిదండ్రులు గొడవకు పోతారు గానీ అక్కడ అందరూ వంతులేసుకుని చేస్తారు, అది శిక్ష కాదని పిల్లలకు ముందే చెప్పండి. పెద్దవాళ్లు ఏదైనా ఇస్తే రెండు చేతులతో తీసుకోవాలి, టీచర్ ఎదురైతే తలవంచి అన్యోంగ్‌హసెయో (నమస్కారం) అనాలి. పేర్లు ఎర్ర పెన్నుతో రాయకూడదు, అశుభమంటారు.

మిడిల్ స్కూల్ నుంచి యూనిఫాం ఉంటుంది, ఒక్క ఏడాది పెద్దవాళ్లకైనా మర్యాద ఇవ్వాలి. ఒకటి రెండు తరగతుల పిల్లలు మధ్యాహ్నమే ఇంటికొచ్చేస్తారు, ఇద్దరూ పనికి పోయేవాళ్లయితే బడిలోనే ఉండే ఆఫ్టర్ స్కూల్ కేర్‌కు ముందే అప్లై చేయండి.

ఇంకొకటి, టీచర్‌కు కానుకలు పట్టుకుపోకండి. సకినాల డబ్బా గానీ కొత్తవాడ జంపఖానా గానీ ప్రేమతో ఇచ్చినా వాళ్లు తీసుకోలేరు, 2016 నుంచి అమల్లో ఉన్న లంచాల నిరోధక చట్టం టీచర్లకూ వర్తిస్తుంది. మే 15న టీచర్స్ డే, ఆ రోజు కూడా అంతే. పిల్లలతో సొంత చేతిరాతలో ఒక ఉత్తరం రాయించండి, అది తీసుకుంటారు.