లిథియం వాడేవాళ్లకు ఎండాకాలం జాగ్రత్త

బైపోలార్‌కి (మూడ్ విపరీతంగా ఎక్కుతూ, దిగుతూ ఉండే మానసిక జబ్బుకి) లిథియం వేసుకుంటున్నవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో నీళ్ల విషయం అస్సలు అశ్రద్ధ చేయకండి. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. చెమటతో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీలు లిథియంని పట్టి ఉంచేస్తాయి. రోజూ వేసుకునే డోసే అయినా రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, పల్చటి మజ్జిగ తాగుతూ ఉండండి. బీపీ అనో, బరువు తగ్గాలనో డాక్టర్‌ని అడక్కుండా ఉప్పు ఒక్కసారిగా మానేయొద్దు, కటిక ఉపవాసాలు ఉండొద్దు.

నాకు ఎక్కువ భయం వేసేది మాత్రం నొప్పి మాత్రల గురించే. మోకాళ్లకో, పంటికో మెడికల్ షాపులో ఇచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా లిథియంని పెంచుతాయి. "నేను లిథియం వాడుతున్నానండీ" అని ముందే చెప్పండి.

చేతులు మామూలుకంటే గట్టిగా వణికినా, వాంతులు, విరేచనాలు అవుతున్నా, నడక తూలినా, మాట ముద్దగా వస్తున్నా అది లిథియం ఎక్కువైన గుర్తు కావచ్చు, తర్వాతి డోసు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇక రక్తంలో లిథియం ఎంతుందో చూసే లెవెల్ టెస్టుకి రక్తం చివరి డోసు వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి, పొద్దుటి మాత్ర వేసుకోకముందే.