పాత తేలికపాటి విమానాన్ని మళ్లీ గాలిలోకి లేపే ముందు

ఏళ్ల తరబడి షెడ్డులో మూలనపడి ఉన్న పాత విమానాన్ని బాగుచేసి ఎగరాలనుకునేవారు, ఇంతకాలం అది ఎగరలేదు కాబట్టి అరిగిపోలేదని అనుకోకూడదు. తేమ, తుప్పు, బూజు, ఎలుకలు తమ పని చేసుకుపోయేది ఆ ఎగరని కాలంలోనే. 1930లలో రూపొందిన, పైన గుడ్డ కప్పిన పైపర్ కబ్, టైగర్ మాత్ వంటి విమానాల్లో ఆ నష్టమంతా గుడ్డ మాటున జరుగుతుంది గనుక, పైన వేసిన రంగు ఎంత నిగనిగలాడినా దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. లాగ్ బుక్‌లో ఏమి రాసి ఉన్నా సరే, అర్హత గల ఇంజినీరు స్వయంగా చూసి నిర్ధారించేవరకు రెక్క లోపలి భాగాలు గట్టిగా ఉన్నాయని నమ్మవద్దు.

రెక్కకు వెన్నెముక స్పార్. చాలా పాత విమానాల్లో దాన్ని స్ప్రూస్ కర్రతో చేసేవారు, కర్ర భాగాలను పాలలోని ప్రోటీన్‌తో తయారైన కేసీన్ జిగురుతో అతికేవారు. పొడిగా ఉన్నంతకాలం ఆ జిగురు బాగానే పట్టి ఉంటుంది గాని, తేమ చేరితే బూజు దాన్నే తినేస్తుంది, అతుకు పట్టు వదులుతుంది. తనిఖీ రంధ్రం మూత తీయగానే ముందు వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే తేమ లోపల చాలాకాలం నిలిచిందని అర్థం. తరువాత చిన్న అద్దాన్ని, టార్చిని లోపలికి పెట్టి, వెలుగు కర్ర మీద ఏటవాలుగా పడేలా పట్టుకుంటే, ఎదురు వెలుగులో కనిపించని సన్నని గీతలు బయటపడతాయి. పీచుకు అడ్డంగా వెంట్రుకంత గీత కనిపించినా, ఎప్పుడో బలమైన ఒత్తిడికి కర్ర లోపల నలిగిందని అనుమానించాలి. దాని మీద జిగురు పూసి సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఇలాంటి పగుళ్లు తరచుగా స్ట్రట్ (రెక్కను మోసే ఊతగొట్టం) బిగించే చోట, బలానికి వేసిన ప్లైవుడ్ పలకల అంచుల దగ్గర దాగి ఉంటాయి. అక్కడికి చూపు అందకపోతే గుడ్డ విప్పించడానికి వెనుకాడవద్దు. నెలల పని పెరుగుతుంది, నిజమే. కాని గాలిలో స్పార్ విరిగితే పైలట్ చేయగలిగింది ఏమీ మిగలదు.

విమానం చట్రంలోని ఉక్కు గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి. నీరు దిగి నిలిచేది అట్టడుగున కాబట్టి తోక దగ్గరి కింది గొట్టాలను, స్ట్రట్‌ల కింది కొసలను ముందు పరీక్షించాలి. పైపర్ విమానాల రెక్కలను మోసే స్ట్రట్‌లలో ఈ తుప్పు ఎంత తీవ్రమైన సమస్య అంటే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1993లో వాటి తనిఖీని తప్పనిసరి చేసింది.

గుడ్డ విషయానికి వస్తే, గ్రేడ్ ఎ నూలు గుడ్డకు కొత్తలో అంగుళానికి 80 పౌండ్ల బలం ఉండాలి, అది 56 పౌండ్ల కంటే తగ్గితే మార్చవలసిందే. మార్చేటప్పుడు గుడ్డను బిగుతుగా ఉంచడానికి పూసిన పాత నైట్రేట్ డోప్‌తో అతి జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. పాత డయళ్ల మీద చీకట్లో మెరిసే రంగు ఉంటే అందులో రేడియం ఉండే అవకాశం ఉంది కనుక, ఆ పరికరాలను ఇంట్లో విప్పవద్దు.

ఇంధన వ్యవస్థలో పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును, సీలెంట్‌ను పాడుచేస్తుంది. కబ్‌లో ఇంధనం ఎంతుందో చూపేది బెండు ముక్కకు గుచ్చిన తీగ. ఆ బెండు మీది పూత కరిగి ఇంధనం పీల్చుకుంటే తీగ చూపే కొలతను నమ్మలేము. పంపు లేకుండా ట్యాంకు నుంచి నేరుగా ఇంధనం దిగే విమానమైతే, ముక్కు పైకెత్తి ఉంచి, టేకాఫ్‌లో ఇంజిన్‌కు కావలసినదానికి ఒకటిన్నర రెట్లు వస్తోందో లేదో కొలిచి చూడాలి.

కంట్రోల్ కేబుళ్లను గుడ్డతో పట్టుకుని పొడవునా తుడవండి. తెగిన పోగు ఉంటే గుడ్డ అక్కడే చిక్కుకుంటుంది, చూసి గుర్తించేదానికంటే ఇది నమ్మకమైన పద్ధతి. విప్పి బిగించాక కేబుళ్లు తారుమారైన విమానాలు నేల విడిచిన క్షణంలోనే కూలిపోయాయి. కంట్రోల్ కర్రను ఎడమకు వంచితే ఎడమ ఐలెరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) పైకి లేవాలి. బిగించినవారు కాకుండా మరొకరు దీన్ని విడిగా సరిచూడాలి.

చాలా పాత విమానాల్లో స్టార్టర్ ఉండదు, ప్రొపెల్లర్‌ను చేత్తోనే తిప్పాలి. నాకు అన్నిటికంటే భయం కలిగించే పని ఇదే. ఇంజిన్‌లో ఇంధనాన్ని అంటించే మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు, అది తిరిగితే చాలు నిప్పురవ్వ పుడుతుంది. స్విచ్ నుంచి మాగ్నెటోకు వెళ్లే తీగ తెగి ఉంటే, స్విచ్ ఆపినా ఇంజిన్ అందుకుంటుంది. అందువల్ల ప్రొపెల్లర్ ఏ క్షణమైనా తిరగవచ్చని ఎప్పుడూ భావించాలి. చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, తోకను కట్టేసి, శిక్షణ పొందిన మనిషిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టిన తరువాతే బ్లేడు మీద చెయ్యి వేయండి. వేళ్లు బ్లేడు అంచు చుట్టూ మడవకూడదు, శరీరం ముందుకు వాలకూడదు, మెడలో కండువా ఉండకూడదు. ఒకరు స్విచ్ స్థితిని చెప్పి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాకే కదలాలి.

తోకచక్రం విమానంలో బరువు కేంద్రం ముందు చక్రాలకు వెనుక ఉంటుంది కాబట్టి, నేల మీద కాస్త పక్కకు జారినా తోక ముందుకు రావాలని చూస్తుంది. అలాంటి మరో విమానంలో శిక్షకుడితో తగినంత సాధన చేసి, ఆ తరువాతే మీ విమానం ఎక్కండి. మొదటిసారి ఒంటరిగా, గాలి నిశ్చలంగా ఉన్న ఉదయం, ఇంజిన్ ఆగినా జారి దిగగలిగేంత దగ్గరలోనే తిరగండి. గాలిలో తేమ ఉంటే వెచ్చని రోజున కూడా కార్బురేటర్‌లో మంచు కడుతుంది. కార్బురేటర్‌కు ఇంజిన్ వేడిగాలిని పంపే కార్బురేటర్ హీట్‌ను ముందే వాడండి, ఎందుకంటే ఇంజిన్ ఆగాక దానికి వేడి దొరకదు. మంచు కరిగేటప్పుడు ఇంజిన్ కాసేపు గరగరలాడినా హీట్ ఆపవద్దు.

దిగిన వెంటనే ఇంజిన్ మీది మూత (కౌలింగ్) తీసి నూనె, ఇంధనం కారిన జాడలు వెతకండి, నూనె జల్లెడలో లోహపు పొడి ఉందేమో చూడండి. ప్రొపెల్లర్ కర్రదైతే దాని బోల్టుల బిగువును టార్క్ రెంచితో మళ్లీ సరిచూసిన తరువాతే రెండోసారి ఎగరండి.