వన విజ్ఞాన కేంద్రానికి పిల్లలతో క్షేత్ర పర్యటన: ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు

హంటర్ రోడ్డులోని కాకతీయ జంతుప్రదర్శనశాలను హనుమకొండ, వరంగల్ వాసుల్లో చాలామంది ఇప్పటికీ వన విజ్ఞాన కేంద్రమనే పిలుస్తారు. 1985లో అది మొదలైంది ఆ పేరుతోనే. చుట్టుపక్కల బడుల్లో క్షేత్ర పర్యటన అనగానే మొదట తట్టేది ఈ చోటే, ఎందుకంటే ఖర్చు తక్కువ, ఒక్క పూటలో పోయి రావచ్చు. అయితే ఇంత సులువుగా అందుతుంది కాబట్టే ఏర్పాట్ల మీద శ్రద్ధ తగ్గి, పిల్లలు ఒక ఎన్‌క్లోజర్ నుంచి మరో ఎన్‌క్లోజర్‌కు ఉరుకుతూ గంటన్నరలో అంతా చూసేసి, గేటు బయట ఐస్‌క్రీం తిని ఇంటికి చేరే విహారంగా అది ముగిసిపోతుంటుంది. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయుల కోసం ఈ సూచనలు రాస్తున్నాను. వీటన్నింటికీ మూలమైన నియమం ఒకటే. ఒక పూటలో మూడు చోట్ల మాత్రమే ఆగాలి, ఆగిన ప్రతి చోటా కనీసం అరగంట ఉండాలి.

మూడే అంటే పిల్లలు నిరాశపడతారని, తల్లిదండ్రులు అన్నీ చూపించలేదంటారని కొందరు ఉపాధ్యాయులు సందేహిస్తారు. ఆ సందేహానికి సులువైన మార్గం ఉంది. మూడు చోట్ల పని పూర్తయ్యాక చివరి ముప్పావు గంట ఆవరణ అంతా ఒకసారి తిప్పండి. అప్పటికి చూడటం అలవాటైన కళ్లతో వాళ్లు తిరుగుతారు కాబట్టి ఆ తిరుగుడు కూడా వృథా పోదు. వేయి స్తంభాల గుడి, కోట, రామప్ప కూడా అదే రోజున కలిపేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాటిలో ఒక్కొక్కటీ విడిగా ఒక రోజు అడుగుతుంది.

ముందుగా మీరొక్కరే వెళ్లి రండి

పర్యటనకు వారం ముందు, పిల్లలను తీసుకెళ్లాలనుకున్న వేళకే, ఉపాధ్యాయుడు ఒకసారి వెళ్లి చూసి రావాలి. ఉదయం పదింటికి నీడగా ఉన్న చోటు పన్నెండింటికి మండుటెండలో ఉండవచ్చు, అలాగే ఉదయం కంచె దగ్గర కనిపించే జంతువు మధ్యాహ్నం లోపలికి వెళ్లి పడుకోవచ్చు. తాగునీటి కుళాయి, మరుగుదొడ్లు, అందరూ కలిసి కూర్చుని తినడానికి వీలైన చోటు, చెట్ల మీద తేనెపట్లు ఉన్న చోట్లు గుర్తు పెట్టుకోండి. వారపు సెలవు ఏ రోజో, బడి పిల్లలకు టికెట్టులో రాయితీ ఉందో లేదో, దానికి ప్రధానోపాధ్యాయుల లేఖ కావాలో అక్కడి కార్యాలయంలోనే అడిగి తెలుసుకోండి. జంతువులను చూసుకునే సిబ్బందిలో ఎవరైనా పది నిమిషాలు పిల్లలతో మాట్లాడతారేమో కూడా అప్పుడే అడగండి. ఏ జంతువు ఏ వేళకు ఏం తింటుందో, జబ్బు చేస్తే ఎలా తెలుస్తుందో వాళ్లు చెప్పే మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగవచ్చు. మార్చి నడుమ నుంచి మన దగ్గర ఎండ పిల్లలను నిలవనివ్వదు. నా ఉద్దేశంలో ఏడాదికి రెండుసార్లు వెళ్లడం అన్నిటికన్నా మేలు. ఒకసారి బతుకమ్మ సెలవులకు ముందు, తంగేడు, గునుగు పూసి, వానలకు పురుగూ పుట్రా నిండుగా ఉన్నప్పుడు. మరొకసారి ఫిబ్రవరి చివర, ఆకు రాలి మోదుగ పూలు చెట్టంతా ఎర్రగా విచ్చుకున్నప్పుడు. ఒకే చోటు రెండు రూపాల్లో కనిపిస్తే రుతువు అనే పాఠాన్ని విడిగా చెప్పవలసిన అవసరం ఉండదు.

ముందు రోజు తరగతిలో

ఒక పీరియడ్ చాలు. పిల్లలను అయిదుగురేసి జట్లుగా విడగొట్టండి. ప్రతి జట్టులో పల్లె నుంచి వచ్చే పిల్లలు ఒకరిద్దరు ఉండేలా చూడండి. పశువులను మేపిన పిల్లలకు, పొలం పనులకు వెళ్లే పిల్లలకు మనకన్నా ఎక్కువ మొక్కల పేర్లు తెలుసు. తరగతిలో నోరు విప్పని పిల్లవాడు అక్కడ జట్టుకు పెద్దవుతాడు. ఆ అవకాశాన్ని వాడికి ఇవ్వడం ఉపాధ్యాయుడి బాధ్యత. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి చొప్పున ఉండాలి. ఉపాధ్యాయులు చాలకపోతే తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురిని పిలవండి.

వస్తువులు కూడా ఎక్కువేమీ అక్కరలేదు. దర్జీలు వాడే కొలత టేపు, ప్రయోగశాలలోని రెండు థర్మామీటర్లు, జట్టుకొక భూతద్దం, నాలుగు మీటర్ల తాడు, నోటు పుస్తకం, పెన్సిల్ ఉంటే సరిపోతుంది. ప్రశ్నలు అచ్చు వేసి ఖాళీలు పూరించమని ఇచ్చే కాగితాలను నేను సమర్థించను. ఆ కాగితం చేతిలో ఉన్న పిల్లవాడు జంతువు వైపు కాకుండా ఎన్‌క్లోజర్ ముందున్న బోర్డు వైపు చూస్తాడు, దాని మీద రాసింది ఎక్కించుకుని ముందుకు సాగిపోతాడు. దాని బదులు నోటు పుస్తకంలో ఒక పద్ధతి నేర్పండి. పేజీ పైన తేదీ, సమయం, చోటు, ఎండా మబ్బా అన్నది రాయాలి. కింద కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే రాయాలి. పేరు తెలియకపోతే బొమ్మ గీయాలి. పేజీ అడుగున తనకు కలిగిన ప్రశ్న ఒకటైనా రాయాలి. ఎవరు ఎక్కువ జంతువులను చూశారన్న పోటీలు, బహుమతులు పెట్టవద్దు.

మొదటి చోటు: జింకల కంచె దగ్గర

చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక జింకను రాష్ట్ర జంతువుగా, పాలపిట్టను పక్షిగా, జమ్మిని చెట్టుగా, తంగేడును పువ్వుగా ప్రకటించారు. పిల్లలు పరీక్షల కోసం దీన్ని బట్టీ పట్టి ఉంటారు. కానీ జింక కొమ్ములను పట్టి చూసిన వాళ్లు తక్కువ. అక్కడ చేరగానే ఏమీ చెప్పకుండా పది నిమిషాలు బొమ్మ గీయించండి. గీస్తున్నప్పుడు కొమ్ము ఎక్కడ చీలింది, ఎన్ని కొసలున్నాయి, అన్నిటికీ ఉన్నాయా అన్నవి వాళ్లంతట వాళ్లే గమనిస్తారు. మగ జింకకు ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడు కొసలుంటాయి. ఆడ జింకకు కొమ్ములుండవు.

తర్వాత అసలు విషయానికి రండి. చుక్కల జింక కొమ్ములు మొత్తం ఎముకే. అవి రాలిపోయి, మళ్లీ కొత్తగా మొలుస్తాయి. పెరిగే రోజుల్లో కొమ్ము మీద నూగుతో కూడిన మెత్తని చర్మం ఉంటుంది. అందులోని రక్తనాళాల ద్వారానే కొమ్ముకు పోషణ అందుతుంది. పెరగడం పూర్తయ్యాక ఆ చర్మం ఎండిపోతుంది, జింక దాన్ని చెట్లకు రాసుకుని వదిలించుకుంటుంది. మన చుక్కల జింకల్లో మగవన్నీ ఒకేసారి కొమ్ములు రాల్చవు కాబట్టి ఒకే మందలో గట్టిపడిన కొమ్ములున్నది, నూగు కొమ్ములున్నది, కొమ్ములు రాలి నెత్తి బోసిగా ఉన్నది కలిసి కనిపించవచ్చు. ఈ మూడింటినీ వెతకమని చెప్పండి. బోసి నెత్తి ఉన్నదాన్ని పిల్లలు ఆడదని రాసుకుంటారు, ఆ పొరపాటు మీదే మంచి చర్చ నడుస్తుంది.

కృష్ణజింక కూడా కనిపిస్తే ఆ రెంటినీ పోల్చి చూడమనండి. కృష్ణజింక కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి, చీలవు, బతికినంత కాలం రాలవు. లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే పదార్థంతోనే తయారైన తొడుగు ఉంటాయి. ఎద్దు, మేక కొమ్ములూ ఇంతే. ఈ లెక్కన కృష్ణజింక చుక్కల జింకకన్నా మేకకే దగ్గరి చుట్టం. ఆ మాటను మీరు ముందే చెప్పకుండా, ఇంట్లో మేకలున్న పిల్లవాడి నోట వచ్చేదాకా ఆగితే ఇంకా మంచిది.

కంచెలోంచి ఆకులూ, చిప్సూ అందించడాన్ని మొదటి నిమిషంలోనే ఆపాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షన్ ప్రకారం జంతుప్రదర్శనశాలలో జంతువులకు తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, కేకలతో బెదరగొట్టడం, చెత్త వేయడం నిషిద్ధం. అయితే చట్టం పేరు చెప్పి ఊరుకోకుండా కారణం కూడా చెప్పండి. జింకలు నెమరు వేసే జంతువులు. ఉప్పు వాసనకు ప్లాస్టిక్ కవరును మింగితే అది కడుపు మొదటి గదిలోనే ఉండిపోతుంది, జంతువు మెల్లగా తిండి మానేసి చనిపోతుంది.

రెండో చోటు: జిల్లేడు మొక్క

జంతువులను చూడటానికి వచ్చి జిల్లేడు దగ్గర ఆగడమేమిటని అనిపించవచ్చు. నిజానికి ఈ పర్యటనలో పిల్లలు ఎక్కువ నేర్చుకునేది ఇక్కడే. దారి అంచుల్లో, ఊడ్చని మూలల్లో, ఆవరణలో లేకపోతే గేటు బయట రోడ్డు పక్కనైనా జిల్లేడు దొరుకుతుంది. రథసప్తమి నాడు తల మీద పెట్టుకుని స్నానం చేసే ఆకు కాబట్టి చాలామందికి ఇది తెలిసిన మొక్కే. ముందుగా ఒక హెచ్చరిక చేయండి. ఆకు తుంచవద్దు, తుంచితే కారే పాలు కంటిలో పడితే ప్రమాదం. కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఆకు అడుగు భాగాన్ని భూతద్దంతో చూడమనండి.

అడుగున పసుపు పచ్చని చిన్న పురుగులు గుంపుగా అంటుకుని ఉంటే అవి పేనుబంక. వాటి చుట్టూ చీమలు తిరుగుతుంటాయి, ఎందుకంటే పేనుబంక విసర్జించే తియ్యని ద్రవాన్ని చీమలు తాగుతాయి, బదులుగా దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. అదృష్టం బాగుంటే నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లని కొమ్ముల వంటి తీగలతో గొంగళిపురుగు కనిపిస్తుంది. నారింజ రంగు రెక్కలకు నల్లని కొసలు, వాటి మీద తెల్లని మచ్చలు ఉండే సీతాకోకచిలుక పిల్ల అది. జిల్లేడు పాలలోని విషం ఆ పురుగు ఒంట్లో చేరి సీతాకోకచిలుక అయ్యాక కూడా ఉంటుంది. దాన్ని ఒకసారి తిని కక్కుకున్న పక్షి మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. ఇంకా విచిత్రమేమిటంటే, ఏ విషమూ లేని వేరొక జాతి సీతాకోకచిలుకల్లో ఆడవి అచ్చంగా ఇవే రంగులతో ఉండి, ఆ భయం చాటున బతికిపోతాయి. పూల దగ్గర ఝుమ్మని తిరిగే పెద్ద నల్లని తుమ్మెదను కూడా చూపించండి, జిల్లేడు పూల పరాగసంపర్కం ఎక్కువగా దాని వల్లే జరుగుతుంది.

అరగంటలో పిల్లలు అడిగే ప్రశ్నలన్నింటికీ అక్కడికక్కడే జవాబు చెప్పవద్దు. ప్రశ్నలు పుస్తకంలోకి ఎక్కనివ్వండి.

మూడో చోటు: ఒక చెట్టు, దాని నీడ

బాగా నీడనిచ్చే చెట్టును ఎంచుకోండి, మర్రి అయినా, రావి అయినా, టేకు అయినా ఫర్వాలేదు. అటవీ శాఖ వాళ్లు కొలిచినట్టే నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీయించండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. ఒక థర్మామీటరును నీడలోని మట్టి మీద, రెండోదాన్ని ఎండలోని సిమెంటు బాట మీద పెట్టి, రెంటి మీదా ఒకే రకం తెల్ల కాగితం కప్పి అయిదు నిమిషాలాగి చదవాలి. తాడును నలుచదరంగా, ఒక్కో వైపు మీటరు వచ్చేలా పరిచి, అందులో ఎన్ని రకాల మొక్కలున్నాయో రోజూ ఊడ్చే పచ్చిక మీద ఒకసారి, ఊడ్చని అంచున మరోసారి లెక్కించాలి.

జాగ్రత్తలు

మన ఊళ్లలో కోతుల సంగతి అందరికీ తెలిసిందే. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు అవి మీదికి వస్తాయి. టిఫిన్లన్నీ రెండు పెద్ద సంచుల్లో పెద్దవాళ్ల దగ్గరే ఉంచి, ముందే చూసుకున్న చోట అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి తినిపించండి. కోతి కళ్లలోకి సూటిగా చూడటం, పళ్లు ఇకిలించడం, రాళ్లు విసరడం చేయవద్దని చెప్పండి. అది కరిచినా, రక్కినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, చిన్న గాయమే అని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తేనెపట్టు కింద గుమిగూడవద్దు. సెంటు పూసుకుని రావద్దని ముందు రోజే చెప్పండి. రాళ్లను పిల్లలు చేత్తో లేపకూడదు, కింద తేలో పామో ఉండవచ్చు. పాము కాటు వేస్తే కట్టు బిగించడం, కోయడం, నాటు మందు వెతకడం మాని, కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి 108కు ఫోన్ చేయాలి. ఎంజీఎం ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. ఉబ్బసం, అలర్జీ, మూర్ఛ ఉన్న పిల్లల వివరాలను అనుమతి పత్రంలోనే తల్లిదండ్రులతో రాయించుకుని, వాళ్ల మందులు మీ సంచిలో పెట్టుకోండి. లీటరు నీళ్ల సీసా, టోపీ ప్రతి ఒక్కరికీ ఉండాలి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మీ దగ్గర ఉండాలి.

పర్కాల, నర్సంపేట, జనగామ వైపు బడులకు బస్సు కుదరని ఏడాది ఊరి చెరువు కట్ట మీదనే ఇదంతా చేయవచ్చు. జింకల బదులు తుమ్మ చెట్టుకో ఈత చెట్టుకో వేలాడే గిజిగాడి గూళ్లు చూపించండి. సగం అల్లిన గూటిని ఆడ పక్షి వచ్చి చూసి, నచ్చితేనే మగది దాన్ని పూర్తి చేస్తుంది. నీళ్లున్న చోట పెద్దవాళ్లు ఇద్దరు ఎక్కువ ఉండాలి, పిల్లలను కట్ట దిగనివ్వకూడదు.

మర్నాడు

తిరిగొచ్చిన మర్నాడే ఒక పీరియడ్ కేటాయించండి, వారం గడిస్తే సగం మరిచిపోతారు. ప్రతి జట్టూ తన పేజీ అడుగున రాసుకున్న ప్రశ్నల్లో ఒకదాన్ని ఎంచుకుని, జవాబును ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యలను, గ్రంథాలయాన్ని, మిమ్మల్ని అడిగి కనుక్కోవాలి. పేరు తెలియని మొక్క బొమ్మలను గోడకు అంటించి, తెలిసిన వాళ్లు కింద పేరు రాసే వీలు కల్పించండి. ఒకే మొక్కకు రెండు మూడు ఊళ్ల పేర్లు వస్తే అన్నీ ఉంచండి. చెట్టు చుట్టుకొలత, రెండు థర్మామీటర్ల అంకెలు, తాడు చదరంలోని మొక్కల లెక్క, తేదీతో సహా ఒక రిజిస్టరులో ఎక్కించి సైన్సు గది బీరువాలో పెట్టండి. వచ్చే ఏడాది తరగతి అదే చెట్టు దగ్గరికి, అదే నెలలో, ఆ రిజిస్టరు పట్టుకుని వెళ్లాలి.