ఫైబర్ బాడీ మీద రంగు నిలవట్లేదా? ముందు ప్రైమర్ సంగతి చూడండి

రంగు లేచిపోగానే షాపువాడు నాసిరకం డబ్బా అంటగట్టాడంటాం. జీపు మీది ఫైబర్ టాపయినా, 1980ల్లో బెంగళూరులో తయారైన డాల్ఫిన్ లాంటి ఫైబర్ బాడీ కారయినా, నేను చూసినంతలో తప్పు అడుగునే ఉంటుంది. రేకుకు వాడే ప్రైమరే దీనికీ కొట్టేస్తారు.

గోరు పెడితే రంగు పొరలా ఊడొస్తోంది

మన షెడ్లలో అలవాటుగా వాడే ఎచ్ ప్రైమర్ వల్ల కావచ్చు. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం రేకును కాస్త కొరికి పట్టు తెచ్చుకుంటుంది. ఫైబర్‌లో కొరకడానికి లోహం ఏదీ? కొత్త ఫైబర్ ముక్కయితే అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన మైనం ఇంకా పైనే ఉండొచ్చు. రంగు కొట్టగానే విడిపోయి గుండ్రటి గుంటలు పడుతుంటే అదీ ఈ మైనం పనే, లేదా ఎప్పుడో రుద్దిన సిలికాన్ పాలిష్ పని.

పట్టులేని పొరంతా తీసేయండి. గరుకు పేపర్‌తో రుద్దకముందే మైనం తీసే ద్రావకంతో తుడవాలి. ముందు పేపర్ కొడితే ఆ గీతల్లోకి మైనం ఇంకా దిగుతుంది. ఒక గుడ్డ తడిపి తుడిచి, అది ఆరేలోపే ఇంకో పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఆ తర్వాత 180 నంబరు పేపర్, దాని మీద హార్డనర్ కలిపే ఎపాక్సీ ప్రైమర్.

ప్రైమర్ కొట్టగానే పాత రంగు ముడతలు పడింది

కింద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటో, ఎనామిలో ఉంది. పైనుంచి వచ్చిన ఘాటు థిన్నర్ దాన్ని ఉబ్బించింది. థిన్నర్‌లో ముంచిన దూదిని పాత రంగు మీద ఒక నిమిషం అదిమి పట్టండి. రంగు మెత్తబడి దూదికి అంటితే ఆ పొర ఉంచకూడదు. పెయింట్ రిమూవర్ మాత్రం వద్దు, రంగుతో పాటు ఫైబర్‌లో గాజు పీచును పట్టి ఉంచే రెసిన్‌నీ తినేస్తుంది. ఓపిగ్గా పేపర్‌తోనే దించాలి.

సూదిమొనంత రంధ్రాలు

ఇవి జెల్‌కోట్‌లో, అంటే ఫైబర్ పైనున్న నున్నటి రెసిన్ పొరలో చిక్కిన గాలి బుడగలు. ప్రైమర్ మందంగా కొడితే మూసుకున్నట్టే కనిపించి, ఎండకు మళ్లీ తెరుచుకుంటాయి. పొడిచి పెద్దవి చేసి, పాలియెస్టర్ లప్పం నింపి, సాపు చేశాకే ఎపాక్సీ.

కొన్నాళ్లకు పొక్కులు

ఇది మన డెల్టాలో మరీ ఎక్కువ. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, గాలి నిండా తేమ. దానికి తోడు నీళ్లు పోస్తూ రుద్దే నీళ్ల పేపర్. జెల్‌కోట్ దాటి పీచు బయటపడిన చోట నీళ్లు పోస్తే అది పీల్చుకుంటుంది. పైన ప్రైమర్ మూత పడ్డాక ఎండకు ఆ తేమ పొక్కవుతుంది. పొక్కు కోసి, లోపల పూర్తిగా ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. నీళ్ల పేపర్ ప్రైమర్ మీదే, ఉత్త ఫైబర్ మీద కాదు. అక్టోబరు, నవంబరు ముసురులో అయితే పనే వాయిదా వేయడం మంచిది.

ఎపాక్సీ మీద పీయూ (పాలీయురెథేన్) సర్ఫేసర్, అంటే ఉపరితలాన్ని సాపు చేసే పొర, ఆ పైన రంగు. మూడూ ఒకే కంపెనీవయితే టెన్షన్ తక్కువ. డబ్బా మీద రాసిన రీకోట్ సమయం (తర్వాతి పొర కొట్టాల్సిన గడువు) దాటితే 320తో లైట్‌గా గరుకు చేయండి. పీయూ హార్డనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు, సరైన రెస్పిరేటర్ కావాలి.

రంగుకు వెళ్లే ముందు, బాగా ఆరిన ప్రైమర్ మీద కనపడని మూల బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి, టేప్ అంటించి విసురుగా లాగండి. టేప్‌కు ప్రైమర్ వచ్చిందా, రంగు డబ్బా అప్పుడే తెరవకండి.