వేరుశనగకు తల్లెవరు, తండ్రెవరు? డీఎన్ఏతో తేల్చడం ఎలా?

అనంతపురం రైతుకు చెనక్కాయ గురించి మనం చెప్పేదేమీ ఉండదు, దాని పుట్టుక సంగతి తప్ప. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిస్తే పుట్టిన పంట ఇది. ఒకటి అరాకిస్ డ్యూరనెన్సిస్, రెండోది అరాకిస్ ఇపెయెన్సిస్. వాటికి 20 చొప్పున క్రోమోజోములు, మన పంటకు 40. వీటిలో తల్లి ఏదో, తండ్రి ఏదో బోటనీ చదివే విద్యార్థి కూడా తేల్చవచ్చు.

ముందు ఆకు. లేత ఆకులు కోసి, అదే పూట సిలికా జెల్ ఉన్న కవర్లో వేయండి. నిదానంగా ఎండితే డీఎన్ఏ ముక్కలైపోతుంది. అదే మొక్కను పూతతో సహా కాగితాల మధ్య నొక్కి, ఊరు, తేదీ, రకం రాసి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండారంలో, పెట్టించండి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఒకటుంది. చాలామంది ఈ పని ఎగ్గొడతారు, రేపు ఎవరైనా "అది ఆ మొక్కేనా?" అంటే చూపడానికేమీ ఉండదు. కదిరి 6, కదిరి లేపాక్షి అని రెండు రకాలూ తేనక్కర్లేదు, వాటి క్లోరోప్లాస్ట్ (ఆకుకు పచ్చదనమిచ్చే, సొంత డీఎన్ఏ ఉన్న కణ భాగం) డీఎన్ఏలో తేడా దాదాపు కనబడదు. సొంత చేను కాబట్టి సరిపోయింది గానీ, శేషాచలం ఎర్రచందనం మీద ఇదే పని చేయాలంటే అటవీశాఖ అనుమతి లేనిదే ఆకు ముట్టుకోవద్దు.

అడవి జాతుల కోసం బొలీవియా వెళ్లక్కర్లేదు. వాటి జీనోములు (మొత్తం డీఎన్ఏ వరుసలు) 2016లో, వేరుశనగది 2019లో వెలువడ్డాయి. జెన్‌బ్యాంకు అనే ఆన్‌లైన్ డీఎన్ఏ భాండారంలో ఉచితంగా దొరుకుతాయి.

తర్వాత క్లోరోప్లాస్ట్. ఆకు కణంలో దీని డీఎన్ఏకు వందలు, వేల ప్రతులుంటాయి కాబట్టి కొద్దిపాటి సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు చదవడం) చాలు. గెట్‌ఆర్గనెల్ అనే ఉచిత ప్రోగ్రాం ముక్కలన్నీ కలిపి వలయంగా కూరుస్తుంది. వేరుశనగకు సుమారు 1,56,000 అక్షరాలు రావాలి. 1,30,000 దగ్గరే ఆగితే, ఈ వలయంలో జంటగా ఉండాల్సిన తలకిందుల ఖండాల్లో (ఒకే వరుస ఎదురుదిశలో మళ్లీ వచ్చే భాగాల్లో) ఒకటి కూర్పులో కలిసిపోయిందేమో చూడండి. కర్నూలు నల్లరేగడిలో పండే పప్పుశనగకైతే 1,25,000 వచ్చినా తప్పు కాదు. దాని వంశం ఆ రెండో ఖండాన్ని ఎప్పుడో పోగొట్టుకుంది.

వేరుశనగ, రెండు అడవి జాతుల క్లోరోప్లాస్ట్ వరుసలకు దూరపు చుట్టంగా స్టైలో గడ్డిని చేర్చి, మాఫ్ట్ ప్రోగ్రాంతో వాటిని ఒకదానికొకటి సరిపోల్చి, ఐక్యూట్రీ ప్రోగ్రాంతో వంశవృక్షం గీయండి. కొమ్మ ఎంత గట్టిదో వందకు చెప్పే అంకె అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్, అది 95కి తగ్గిన కొమ్మను నమ్మొద్దు. వేరుశనగ డ్యూరనెన్సిస్ పక్కన చేరుతుంది. పూల మొక్కల్లో చాలావాటికి క్లోరోప్లాస్ట్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లి అదే.

చాలామంది ఇక్కడే ఆపేసి "జాతి వృక్షం" అని పేరు పెట్టేస్తారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ఈ చెట్టులో తండ్రి జాడే లేదు.

అందుకే కేంద్రక జీనోము, అంటే తల్లి, తండ్రి ఇద్దరి వాటా ఉన్న కణకేంద్రకపు డీఎన్ఏ. బస్కో ప్రోగ్రాంతో, అడవి జాతుల్లో ఒకే ప్రతి ఉన్న జన్యువులు ఏరండి. అదే జన్యువుకు వేరుశనగలో రెండు ప్రతులుంటాయి. దాని 40 క్రోమోజోములు 20 జతలు: 1 నుంచి 10 జతలను 'ఏ' జీనోము, 11 నుంచి 20 జతలను 'బి' జీనోము అంటారు. రెంటినీ వేర్వేరు కొమ్మలుగానే ఉంచాలి. కలిపి ఒకటి చేస్తే ఏ మొక్కలోనూ లేని వరుస తయారవుతుంది. జన్యువుకో చెట్టు గీసి, ఆ చెట్లన్నిటినీ ఆస్ట్రల్ ప్రోగ్రాంతో కలపండి. 'ఏ' ప్రతి డ్యూరనెన్సిస్ వైపు, 'బి' ప్రతి ఇపెయెన్సిస్ వైపు పోతాయి, కాబట్టి తండ్రి ఇపెయెన్సిస్.

కొన్ని జన్యువులు మాత్రం ఎదురు తిరుగుతాయి. తీసిపారేయకుండా, క్రోమోజోముపై ఎక్కడున్నాయో గుర్తించండి. పక్కపక్కనే ఉంటే ఆ భాగం ఒక జీనోము నుంచి రెండోదానిలోకి చేరిందని అనుమానించాలి. వేరుశనగలో ఇలా జరిగిందని తెలిసిందే. చెల్లాచెదురుగా, బూట్‌స్ట్రాప్ తక్కువగా ఉంటే ఆ జన్యువులో తేడాలు చాల్లేదన్నమాట.