ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్: పేరు మోగినదా, పేరు వినబడనిదా?

సరదాకు ఫొటోలు తీసేవారు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని ఎవరిని అడిగినా మొదట వినిపించే పేరు ఫొటోషాప్, ఆ తరువాతది లైట్‌రూమ్. రెండూ అడోబీ సంస్థవే. మన ఊళ్లలో ఈ సలహా ఎక్కువగా ఫొటో స్టూడియోల నుంచి వస్తుంది. పెళ్లి ఆల్బమ్ డిజైన్ చేసేవారు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు షీట్లకు సిద్ధంగా దొరికే పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) టెంప్లేట్ల మీద పనిచేస్తారు. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపువారు కూడా ఆ ఫైలునే అడుగుతారు. పది మంది చేతులు మారే పనిలో అందరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉండటం అవసరం కాబట్టి వారి ఎంపికలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కానీ ఆదివారం ఉదయం చెరువు గట్టు మీద పక్షుల ఫొటోలు తీసుకొచ్చి సాయంత్రం వాటిని సరిచేసుకునే మనిషికి ఆ కారణం వర్తించదు.

అలాగని ప్రసిద్ధికి విలువ లేదనుకోవడమూ పొరపాటే. ఎక్కువ మంది వాడే సాఫ్ట్‌వేర్‌తో దొరికే అసలైన లాభం, రాత్రి పదింటికి మాస్క్ (ఫొటోలో ఒక భాగాన్ని మాత్రమే సరిచేసే పద్ధతి) ఎక్కడో చిక్కుకుపోతే తెలుగులోనే వివరించే వీడియో ఒకటి కనబడటం, లేదా ఫోన్ చేసి అడగడానికి ఒక స్నేహితుడు ఉండటం. అంతగా పేరు లేని సాఫ్ట్‌వేర్‌లో ఆ సాయం సాధారణంగా ఇంగ్లీషు మాన్యువల్‌కే పరిమితం. మాన్యువల్ చదివి నేర్చుకునే ఓపిక ఉన్నదా లేదా అనే ప్రశ్నకు మీరు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అక్కడే పూర్తవుతుంది.

మిగిలిన సగం కోసం ముందుగా గత మూడు నెలల్లో తీసిన ఫొటోలను తెరిచి, వాటితో నిజంగా ఏ పని చేశారో చూసుకోండి. వందల ఫొటోల నుంచి మంచివి ఏరి, వెలుతురు, రంగు సరిచేసి, కొంత కత్తిరించి, కుటుంబానికి పంపడమే మీ పని అయితే మీకు కావలసింది రా ఫైళ్లను, అంటే కెమెరా నమోదు చేసిన ముడి ఫైళ్లను, డెవలప్ చేసే సాఫ్ట్‌వేర్. ఈ తరగతిలో లైట్‌రూమ్‌కు ఎక్కువ పేరుంది. డార్క్‌టేబుల్, రాథెరపీ అనేవి ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లు. ఫ్రాన్స్‌కు చెందిన డీఎక్స్‌ఓ ఫొటోల్యాబ్, డెన్మార్క్‌కు చెందిన క్యాప్చర్ వన్ డబ్బు పెట్టి తీసుకోవలసినవి. రెండు ఫొటోలను కలపడం, వెనుక ఉన్న కరెంటు తీగలను చెరిపేయడం, లేయర్ల మీద లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు) వేయడం మీ పని అయితే ఫొటోషాప్‌కు బదులుగా చూడదగినవి గింప్, అఫినిటీ, బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫొటోపీ. చాలామంది ఔత్సాహికులకు మొదటి తరగతి చాలు. అయినా వారు రెండో తరగతి సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, లేయర్లు అర్థం కాక విసిగిపోయి ఎడిటింగే మానేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇక పోలిక ఎలా చేయాలో చెబుతాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని సదుపాయాలున్నాయో చూపే పట్టికలను పక్కన పెట్టి, మీరే తీసిన ఇరవై ఫొటోలను ఒక ఫోల్డరులో వేయండి. బాగా వచ్చినవి వద్దు, ఇబ్బంది పెట్టినవే కావాలి. గుడి లోపలి చీకటిలో దీపం వెలుగుతున్న ఫొటో, ఒకవైపు ట్యూబ్‌లైట్, మరోవైపు కిటికీ ఎండ పడిన ముఖం, కళాక్షేత్రంలో వెనుక వరుస నుంచి 6400 ఐఎస్ఓలో తీసిన నృత్యం వంటివి అందులో ఉండాలి. ఎండలో తీసిన బంతిపూల ఫొటో ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

బంతిపూలనే ఎందుకు అడుగుతున్నానంటే, సాఫ్ట్‌వేర్ల మధ్య తేడాను వాటంత త్వరగా బయటపెట్టే వస్తువు మన ఇళ్లలో మరొకటి లేదు. కెమెరా ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల కలయికగా నమోదు చేస్తుంది. నారింజ రంగు బంతిపువ్వులో నీలం దాదాపు శూన్యం, ఎరుపు చాలా ఎక్కువ, ఆకుపచ్చ మధ్యస్థం. ఎండ కాస్త ఎక్కువైతే ఎరుపు తన గరిష్ఠ స్థాయికి చేరి ఆగిపోతుంది, ఆకుపచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల నారింజ పసుపులోకి జారి, రేకుల అంచులు మాసిపోయి, పువ్వంతా ఒకే రంగు పూసిన ముద్దలా కనిపిస్తుంది. ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉండే జేపెగ్ ఫైలులో ఆ రేకులను తిరిగి తేవడం దాదాపు అసాధ్యం. 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలు ఉంటాయి, పైగా కెమెరా జేపెగ్ తయారుచేసేటప్పుడు కోల్పోయిన వివరం అందులో చాలాసార్లు మిగిలి ఉంటుంది. ఆ వివరాన్ని ఎలా బయటికి తీస్తుందన్నదే సాఫ్ట్‌వేర్ పనితనం. ఎక్స్‌పోజర్ తగ్గించి, ఫొటోను నూరు శాతానికి పెద్దది చేసి, రేకుల మధ్య నీడలు విడివిడిగా కనబడుతున్నాయా, రంగు నారింజగానే నిలిచిందా, పసుపుకో ఎరుపుకో తిరిగిందా అని రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పక్కపక్కన చూడండి. మీ పెరట్లో పూసిన పువ్వు రంగు మీకు తెలుసు కాబట్టి ఈ పరీక్షలో తీర్పు చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

ఈ పరీక్ష మొదటి రోజున పేరు వినబడని సాఫ్ట్‌వేర్‌కు అన్యాయం జరిగే ప్రమాదం ఉంది. లైట్‌రూమ్ రా ఫైలును తెరిచిన వెంటనే కాస్త కాంట్రాస్టు, కాస్త రంగు జోడించి చూపిస్తుంది. డార్క్‌టేబుల్ ప్రారంభంలో చూపే చిత్రం చాలామందికి చప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే అది తుది రూపాన్ని వాడేవారి నిర్ణయానికే వదిలిపెడుతుంది. అందులో ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్, సిగ్మాయిడ్ అనే మూడు మాడ్యూళ్లను (సవరణ పరికరాలను) మాత్రమే తాకుతూ వారం రోజులు పనిచేసి, ఆ తరువాతే తీర్పు చెప్పండి. డజన్లకొద్దీ కనిపించే మిగతా మాడ్యూళ్ల జోలికి మొదటి వారంలో పోనవసరం లేదు. రాథెరపీలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. కెమెరా రా ఫైలులో దాచిన చిన్న జేపెగ్‌ను చూసి, దాని కాంట్రాస్టుకు సరిపోయే టోన్ కర్వ్‌ను (వెలుగునీడలను సర్దే గీతను) తానే వేస్తుంది. కెమెరా తెర మీద కనిపించిన ఫొటోకు దగ్గరి రూపంతో పని మొదలుపెట్టాలనుకునేవారికి ఇది ఎంతో ఊరట. గింప్ మాత్రం రా ఫైలును స్వయంగా తెరవదు. డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ కంప్యూటరులో ఉంటే ఫైలును ముందుగా దానికి అప్పగిస్తుంది. కాబట్టి గింప్ ఒక్కటే పెట్టుకుని రా ఫైలు తెరుచుకోలేదని కంగారుపడవద్దు.

నృత్యం ఫొటో విషయంలో డబ్బుకు తగిన ఫలితం నిజంగానే కనిపిస్తుంది. డీఎక్స్‌ఓ వారి డీప్‌ప్రైమ్, 2023లో లైట్‌రూమ్‌కు వచ్చిన ఏఐ డీనాయిస్ చీకటిలో వచ్చే గరుకుదనాన్ని తొలగించి నగల మెరుపును నిలపగలవు. ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ ఒక్క పనిలో వెనుకబడే ఉన్నాయని నా అభిప్రాయం. ఏడాదికి రెండు నృత్య ప్రదర్శనలు తీసేవారికి ఇది పెద్ద లోటు కాదు, వారం వారం తీసేవారికి మాత్రం నిర్ణాయకమే.

తెలుగు అక్షరాలు వేసే అవసరం ఉన్నవారు, అంటే పుట్టినరోజు కార్డులు, పండుగ శుభాకాంక్షలు తయారుచేసేవారు, మరో చిన్న పరీక్ష చేయాలి. ఒక యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) ఫాంటుతో రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న అనే మూడు మాటలను టైపు చేయండి. ‘ష’ కింద ట వత్తు, ర వత్తు సరిగా కుదిరితే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చినట్లే. పొల్లులు విడిపోయి అక్షరాలు వరుసగా నిలబడితే రానట్లు. గింప్‌లో మండలి, రామరాజ, సురన్న వంటి ఉచిత ఫాంట్లు ఇబ్బంది లేకుండా కుదురుతాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా భాషలకు సంబంధించిన ఎంపికను మార్చుకుంటే తప్ప వత్తులు కుదరవు. చాలా స్టూడియోలు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ అక్షరాలు పిచ్చిగీతలుగా మారతాయి. అందువల్ల స్టూడియోకు ఇచ్చే ఫైలులో అక్షరాలను బొమ్మగా మార్చి ఇవ్వడమే క్షేమం.

ఖర్చు లెక్కను నెలకు కాకుండా ఐదేళ్లకు వేయాలి. 2013లో అడోబీ తన ప్రధాన సాఫ్ట్‌వేర్లను చందా పద్ధతికి మార్చినప్పటి నుంచి ఫొటోషాప్‌ను ఒకసారి కొని ఉంచుకోవడమనేది పోయింది. నెల చందాను అరవైతో హెచ్చవేసి, ఆ మొత్తానికి ఏ లెన్సు వస్తుందో చూడండి. ఆ లెన్సు కన్నా ఈ చందా మీ ఫొటోలను ఎక్కువ మెరుగుపరుస్తుందనిపిస్తే సంకోచం లేకుండా కట్టవచ్చు. నెలనెలా చెల్లించేలా కనిపించే చందా నిజానికి ఏడాది ఒప్పందమేమో ముందే చదువుకోవాలి. మధ్యలో మానేసేవారి మీద వేసే రుసుమును స్పష్టంగా చెప్పడం లేదంటూ అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద అక్కడి న్యాయశాఖ 2024 జూన్‌లో అడోబీ మీద దావా వేసింది. మరోవైపు, ఒకప్పుడు డబ్బు పెట్టి కొనవలసి వచ్చిన అఫినిటీని 2024లో కాన్వా సంస్థ సొంతం చేసుకుని, 2025 అక్టోబరు నుంచి ఉచితం చేసింది. కాన్వా ఖాతా మాత్రం తెరవాలి, ఏఐ పరికరాలకు చందా కట్టాలి. క్రాక్ కాపీల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను: సాటిరాగల ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇన్ని ఉండగా, ఎవరు మార్చారో తెలియని ఫైలును మీ బ్యాంకు లావాదేవీలు జరిగే కంప్యూటరులోకి తెచ్చుకోవడానికి కారణం కనిపించదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ ఆఖరున ఆలోచించేది, ఆ సాఫ్ట్‌వేర్ నుంచి బయటపడే దారి. ఎంతోమంది ఇళ్లలో ఫొటోలన్నీ ఉండిన పికాసాను గూగుల్ 2016లో ఆపేసింది. అపర్చర్ అభివృద్ధిని నిలిపివేస్తున్నట్లు యాపిల్ 2014లో ప్రకటించింది. రెండూ బాగా పేరున్నవే, వెనుక ఉన్నవి పెద్ద సంస్థలే. కాబట్టి పేరు లేని సాఫ్ట్‌వేరే మాయమవుతుందనే భయానికి ఆధారం తక్కువ. 1996లో మొదటిసారి విడుదలైన గింప్‌కు 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. అందులో ఫిల్టర్లను అసలు చిత్రాన్ని చెరపకుండా వేసి, తరువాత మార్చుకునే వీలు కలిగింది.

మీరు చేసిన సవరణలు ఎక్కడ నిల్వ అవుతున్నాయన్నది తప్పక తెలుసుకోండి. డార్క్‌టేబుల్ ప్రతి ఫొటో పక్కనే సవరణల వివరాలు ఉండే ఒక ఎక్స్‌ఎంపీ ఫైలు రాస్తుంది. రాథెరపీ కూడా అలాగే పీపీ3 ఫైలు పెడుతుంది. లైట్‌రూమ్ క్లాసిక్ సవరణలన్నిటినీ కేటలాగ్ అనే ఒకే డేటాబేస్‌లో దాస్తుంది. ఎక్స్‌ఎంపీ రాయాలంటే ఆ సెట్టింగును మనమే ఆన్ చేయాలి. చందా ఆగినా అందులో ఫొటోలను చూడవచ్చు, ఎగుమతి చేయవచ్చు, కానీ డెవలప్ విభాగం మూతపడుతుంది. కేటలాగ్ పద్ధతిలో నడిచే ఒక సాఫ్ట్‌వేర్‌ను నేను కొన్నేళ్ల కిందట వాడుతూ, డిస్కులో చోటు చాలక ఫోల్డర్లన్నిటినీ బయటి నుంచే మరో డ్రైవుకు మార్చాను. మరునాడు తెరిస్తే ప్రతి ఫొటో మీదా ప్రశ్నార్థకమే. తప్పు నాదే. కేటలాగ్ ఉన్నచోట ఫోల్డర్లను ఆ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే కదిలించాలని చదివి కూడా పట్టించుకోలేదు. ఒక్కొక్క ఫోల్డరునూ మళ్లీ వెతికి చూపించడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ఒక సాఫ్ట్‌వేర్ సవరణలు మరొకదానిలోకి యథాతథంగా వెళ్లవు. రేటింగులు, కీలకపదాలు ఎక్స్‌ఎంపీ ద్వారా చాలావరకు దాటుతాయి, రంగుల సవరణలు, మాస్కులు దాటవు. అందువల్ల మీకు ప్రాణమైన యాభై, వంద ఫొటోలను పూర్తి పరిమాణంలో 16 బిట్ టిఫ్ ఫైళ్లుగా ఎగుమతి చేసి విడిగా దాచుకోండి.

కొత్త కెమెరా కొన్నవారు ఇంకొకటి గమనించాలి. కానన్ సీఆర్3 అనే రా ఫార్మాట్‌ను 2018లో తెస్తే, డార్క్‌టేబుల్ దాన్ని చదవగలిగింది 2021 డిసెంబరులో వచ్చిన 3.8 వెర్షన్‌లోనే. ఇంత ఆలస్యం ప్రతిసారీ జరగదు గాని, మీ కెమెరా మోడల్ పేరు ఆ సాఫ్ట్‌వేర్ జాబితాలో ఉందో లేదో చూడకుండా నేర్చుకోవడం మొదలుపెట్టవద్దు. అంతవరకు కానన్ డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్ ఎన్ఎక్స్ స్టూడియో వంటి కెమెరా సంస్థల ఉచిత సాఫ్ట్‌వేర్లతో పని నడుస్తుంది. వాటి రంగులు కెమెరా రంగులకు అన్నిటికన్నా దగ్గరగా ఉంటాయి, వేగం మాత్రం అంతంతే.

పోలికకు ఒక నెల గడువు పెట్టుకుని, రెండు సాఫ్ట్‌వేర్లను మాత్రమే తీసుకోండి, మూడోది వద్దు. ఇరవై ఫొటోలనూ మొదటి వారంలో ఒకసారి, నాలుగో వారంలో మళ్లీ మొదటి నుంచి చేసి, రెండుసార్లూ పట్టిన సమయాన్ని రాసుకోండి. నాలుగో వారంలో ఏ సాఫ్ట్‌వేర్‌లో మీ చేయి త్వరగా కదిలిందో దాన్నే ఉంచుకోండి. ఫలితాలు సమానంగా ఉంటే నేనైతే ఉచితమైనదాని వైపే మొగ్గుతాను, మీ స్నేహితులంతా లైట్‌రూమ్ వాడుతుంటే మీరు అటు మొగ్గినా తప్పులేదు. నిర్ణయం అయ్యాక పాత ఫొటోలను కొత్తదానిలోకి తరలించే శ్రమ పెట్టుకోకుండా వాటిని ఉన్నచోటే ఉంచి, వచ్చే ఆదివారం తీసే ఫొటోలతో కొత్త ఫోల్డరు తెరవండి.