తలకోనలో పక్షుల కోసం నడిచే ముందు

శేషాచలం అడవిలో ఏ దారులకు అనుమతి ఉందో, గేటు ఎన్నింటికి తెరుస్తారో ముందురోజే అటవీశాఖ వారిని అడగండి. పక్షుల సందడంతా తెల్లవారాక మొదటి మూడు గంటల్లోనే.

బైనాక్యులర్స్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10× అయితే చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. ఇంట్లోనే కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకన్నుకు, తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు రింగుతో కుడికన్నుకు స్పష్టత తెచ్చుకోండి. ఇది వదిలేస్తే కళ్లు లాగి తలనొప్పి వస్తుంది.

మనిషికి 3 లీటర్ల నీళ్లు. ఒక్కోటి లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపితే పిడుదులు ఎక్కవు. తిండి సంచిలోనే ఉంచండి, కోతులు లాక్కుంటాయి.

పసుపు గొంతు పిగిలిపిట్ట రాళ్ల వాలుల్లో తిరుగుతుంది. దానికోసం బండలెక్కి పగుళ్లలో చేయి పెట్టొద్దు, పాములుంటాయి. కాటు పడితే కట్టు బిగించకుండా, కోయకుండా, కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఈ పిట్ట కూత వినిపించి పిలవడం మాత్రం అసలు వద్దు: ప్రత్యర్థి వచ్చిందనుకుని గూడు వదిలేసి వస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పైన వాన పడితే వాగు హఠాత్తుగా పొంగుతుంది. నీళ్లు బురదరంగుకు మారగానే ఒడ్డెక్కండి.